జేబుల తెర

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పేరు తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ, కుట్టుపిన్నిని ఎరగనివాళ్లు లేరు. కింది అంతస్తులో, బట్టలుతికే గదికీ మందుల గోడౌనుకీ మధ్య ఆవిడ గది. రెండు కుట్టుమిషన్లు, పొడవాటి కత్తిరింపు బల్ల, వీధిలో నడిచేవాళ్ల పాదాలు మాత్రమే కనిపించే ఎత్తైన కిటికీ ఒకటి. డాక్టర్లు తొడుక్కునే పచ్చ గౌన్లు, ఆపరేషన్ బల్లమీద రోగికి కప్పే గుడ్డలు, సూది పెట్టిన చేతిని పసిపిల్లలు కదపకుండా కట్టే మెత్తటి పట్టీలు, అన్నీ ఆ గదిలోంచే పైకి వెళ్తాయి. ఎవరి గౌను నాడా తెగినా "పిన్నీ!" అంటూ మెట్లు దిగొస్తారు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

అంతకుముందు ఆవిడకి సొంత టైలరింగ్ షాపు ఉండేది. రెడీమేడ్ కొట్లు వచ్చాక షాపులో కూర్చుని ఈగలు తోలుకోవడం తప్ప పని లేకపోయింది. మూసేసి ఇక్కడ చేరింది. "అక్కడైతే బిగుతైందని ఒకరు, వదులైందని ఒకరు. ఇక్కడ నేను కుట్టింది వేసుకుని ఎవరూ అద్దంలో చూసుకోరు. హాయి," అనేది.

ఇంట్లో ముగ్గురు. ఆవిడ, భర్త, అక్క. భర్తకి ఇంటి ముందుగదిలోనే పుస్తకాల బైండింగ్, లామినేషన్ షాపు. మాట పొదుపు మనిషి. మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్లు నవ్వాలో ఉడుక్కోవాలో తేల్చుకోలేరు. అక్క ఒకప్పుడు బడిలో ఆటల టీచరు. మెట్లు ఎక్కితే రెండేసి చొప్పున ఎక్కేది. మూడువందల మంది పిల్లల్ని ఒక్క కేకతో వరసల్లో నిలబెట్టేది.

పదకొండేళ్ల కిందట ఆ అక్కకి వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో, పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ జరిగింది. ఇంటికొచ్చాక కడుపునొప్పి తగ్గలేదు. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన మనోవ్యాధి అన్నాడు. తిన్నది ఇమడదు, నిద్ర పట్టదు. ఎనిమిది నెలలు అలా కరిగిపోయాక, ఎవరో స్కానింగ్ తీయిస్తే సంగతి బయటపడింది. ఆపరేషన్లో రక్తం అద్దడానికి వాడే గాజ్ గుడ్డ ఒకటి లోపలే ఉండిపోయింది. దాన్ని తీయడానికి మళ్లీ కోశారు. దాంతోపాటు కొంత పేగూ తీసేయాల్సి వచ్చింది.

ప్రాణం దక్కింది గానీ మనిషి మునుపటి మనిషి కాలేదు. రెండుసార్లు కోసిన చోట కడుపు గోడ పలచబడి, నిలబడితే ముద్దలా ముందుకొచ్చేది. బకెట్టు ఎత్తకూడదు, గట్టిగా దగ్గకూడదు. ఉద్యోగం మానేసి చెల్లెలి దగ్గరికొచ్చేసింది. ఉబ్బుని పట్టి ఉంచడానికి ఏడాదికొక వెడల్పాటి బెల్టు చెల్లెలే కుట్టిపెట్టేది. లోపలివైపు పాత నూలుగుడ్డ, అంచులు ఒరుసుకోకుండా మడతలు.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అక్కే ఎప్పుడైనా ఎత్తేది, అదీ హాస్యానికి. "పిల్లల్లేని కడుపు కదా, ఖాళీగా ఎందుకు పంపడమని గుడ్డముక్క పెట్టి పంపారు," అనేది. తను నవ్వేది. చెల్లెలు లేచి వంటగదిలోకి వెళ్లిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం థియేటర్ పెద్ద సిస్టరు కుట్టుగదికి వచ్చింది. ఆ మనిషి గొంతు వింటే కొత్త డాక్టర్లు కూడా చేతులు రెండోసారి కడుక్కుంటారు. అలాంటిది ఆ రోజు నీరసంగా స్టూలు మీద కూలబడింది.

"ఏంటి సిస్టర్, మొహం అలా వాడిపోయింది?"

"ఏం చెప్పను పిన్నీ! ఆపరేషన్ అయిపోయింది, కుట్లు వేయాలి. గాజ్ లెక్క ఒకటి తక్కువ. నలభై నిమిషాలు వెతికాం. రోగి మత్తులోనే ఉన్నాడు పాపం. చివరికి చూస్తే బకెట్లో రెండు గుడ్డలు ఒకదానికొకటి అతుక్కుని ఒక్కటిలా ఉన్నాయి."

కుట్టుపిన్ని చేతిలో కత్తెర ఆగింది. "బకెట్లోనా? వాడినవన్నీ బకెట్లో వేస్తారా?"

"మరెక్కడ వేస్తాం? పదేసి కట్టలుగా ఇస్తాం. వాడి పారేసినవి బకెట్లో పడతాయి. చివర్లో ఒక్కోటీ పటకారుతో తీసి నేలమీద పరిచి లెక్కపెట్టాలి. నా మోకాళ్లు అక్కడే అరిగిపోయాయి. రక్తంతో తడిసి ముద్దైపోయాక ఏది ఒకటో ఏది రెండో దేవుడికే తెలియాలి."

సిస్టరు వెళ్లిపోయాక కుట్టుపిన్ని చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చుంది. ఇన్నేళ్లూ తన అక్క కడుపులో గుడ్డ మరిచిపోయినవాడు తాగుబోతో, దుర్మార్గుడో అయి ఉంటాడని అనుకుంటూ వచ్చింది. వాడొక మామూలు మనిషి అనీ, వాడి పక్కన ఒక బకెట్టు ఉందనీ ఎప్పుడూ తట్టలేదు. కోపం పెట్టుకోవడానికి ఇన్నాళ్లూ ఉన్న చోటు ఒక్కసారిగా జారిపోయినట్టయింది.

మర్నాటినుంచి భోజనాల విరామంలో ఏదో కుట్టడం మొదలుపెట్టింది. పచ్చగుడ్డ మీద పది జేబులు, ఒక్కో గుడ్డకి ఒక్కో జేబు. సిస్టరుకి చూపించకముందే అందులో లోపం ఆవిడకే కనిపించింది. జేబులో గుడ్డ ఉందో లేదో తెలియాలంటే మళ్లీ చెయ్యి పెట్టి చూడాలి. బకెట్టుకీ దీనికీ తేడా ఏముంది? విసుగేసి ఇంటికి తెచ్చి మూల పడేసింది.

అది అక్క కంటబడింది.

"ఏమే, ఇదేంటి? చెప్పుల సంచీనా?"

చెల్లెలు మాట తప్పించాలని చూసింది. ఆటల టీచరు దగ్గర అబద్ధం నిలుస్తుందా? రెండు ప్రశ్నలకే అంతా బయటికొచ్చింది. చెబుతూ చెబుతూ అక్క మొహంలోకి చూడలేక గోడవైపు తిరిగింది.

అక్క జేబులు తడుముతూ కూర్చుంది. తర్వాత మామూలు గొంతుతో అంది. "నువ్వు లెక్కపెట్టాలని చూస్తున్నావు. అక్కడే తప్పు. పిల్లల్ని విహారానికి తీసుకెళ్లినప్పుడు నేనెప్పుడైనా లెక్కపెట్టానా? జంటలుగా నిలబెట్టేదాన్ని. ఎవరి పక్కన చోటు ఖాళీగా ఉందో వాడి జోడీ రాలేదన్నమాట. వచ్చినవాళ్లని చూడక్కర్లేదే, రానివాడు వాడంతట వాడే కనిపిస్తాడు."

చెల్లెలు గోడ మీదనుంచి చూపు తిప్పింది. "జంటలుగా... అంటే వరసకి రెండు. అయిదు వరసలు."

"ఆఁ. ఇంకోటి. కనిపించే గుడ్డతో కుట్టు. పిల్లలకి ముసుగులేసి వరసలో నిలబెడతామా?"

కనిపించే గుడ్డంటే ప్లాస్టిక్. మర్నాడు పల్చటి ప్లాస్టిక్ షీటు కొని మిషను మీద కుట్టింది. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది గానీ, నీళ్లు పోస్తే సూది పడ్డ ప్రతి చోటా చుక్క కారింది. థియేటర్ నేలమీద రక్తం కారితే సిస్టరు ఊరుకుంటుందా? ముప్పై ఏళ్లు సూదినే నమ్ముకున్న మనిషికి సూదే అడ్డం వచ్చింది.

ముందుగదిలోంచి భర్త తొంగిచూశాడు. "కుట్టకు. అతికించు."

"గమ్ము తడికి ఊడిపోతుందండీ."

"గమ్మని ఎవరన్నారు?" అని షీటు లాక్కుని షాపులోకి వెళ్లాడు. లామినేషన్ మిషన్లో పెడితే ఆ వేడికి ప్లాస్టిక్ అప్పడంలా ముడుచుకుపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మిషను జోలికి పోకుండా, ఇనప స్కేలు అంచుని ఇస్త్రీపెట్టె మీద కాచి, మధ్యలో కాగితం వేసి, గీతలు గీసినట్టు నొక్కుకుంటూ పోయాడు. చల్లారాక నీళ్లు పోశారు. చుక్క కారలేదు.

"ఇరవై ఏళ్ల కిందట నన్ను కట్టుకున్నందుకు ఇవాళ పనికొచ్చాను," అన్నాడు.

"ఇరవై రెండేళ్లు," అంది ఆవిడ. "లెక్క తప్పడంలో మీరూ తక్కువేం కాదు."

ఇంకో చిక్కు మిగిలింది. ఎర్రటి మరక అంటిన ఖాళీ జేబూ, గుడ్డ ఉన్న జేబూ దూరంనుంచి ఒకేలా ఉన్నాయి. వెనక నీలం గుడ్డ వేసి తెరలా వేలాడదీసి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ ఆదివారం ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర ఆపరేషన్ చేశారు. ఎర్ర సిరాలో తడిపిన గుడ్డముక్కల్ని భర్త ఎటుపడితే అటు విసురుతుంటే, అక్క పటకారుతో పట్టి జేబుల్లో పెట్టింది. రోగి ఒక దిండు. ఒక ముక్కని మరిదిగారు చొక్కా జేబులో దాచేశాడు. అక్క తెర వైపు ఒక్క చూపు చూసి, "నాలుగో వరస, రెండోవాడు. మరిదిగారూ, తియ్యండి బయటికి," అంది. ఆ చొక్కా మీద ఎర్రమరక ఎన్ని ఉతుకులైనా పోలేదు.

ఆ తెర పెద్ద సిస్టరు చేతికి వెళ్లింది. రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. అయిదు నిమిషాల తర్వాత, "నేల మీద కూర్చోనక్కర్లేదన్నమాట," అంది మెల్లగా.

సర్జన్ గారు మాత్రం కొరకరాని కొయ్య. "ఇదేంటి సిస్టర్, నా థియేటర్లో బట్టలారేస్తారా?" అన్నాడట. చెయ్యి మంచిదని పేరున్న మనిషి. తన పనిమీద తనకి నమ్మకం ఎక్కువ, ఓపిక తక్కువ. సిస్టరు బతిమాలలేదు. "మీకు అడ్డం రాకుండా గోడవైపు వేలాడదీస్తాను సార్. లెక్క నాది కదా, నా పద్ధతిలో నన్ను చూసుకోనివ్వండి," అంది. ఆయన భుజాలెగరేశాడు. ఆసుపత్రి కమిటీ వాళ్లు కూడా చూసి, ఒక్కో ఆపరేషన్‌కి కొత్తది వాడాలనీ, అయిపోగానే గాజ్‌తో పాటు పారేయాలనీ షరతు పెట్టి సరేనన్నారు.

మూడు నెలలు ఏ విశేషమూ లేదు. విశేషం లేకపోవడమే కదా కావలసింది. అయినా కుట్టుపిన్నికి లోలోపల ఒక దిగులు. ఇదంతా ఊరికే పిచ్చిపనేమో, సిస్టరు మొహమాటానికి వాడుతోందేమో అని.

ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అది సర్జన్ గారిది. ఆయన ఆ అంతస్తుకి ఎప్పుడూ దిగలేదు. గుమ్మం తలకి తగులుతుందని వంగి లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. థియేటర్ టోపీ ఇంకా తలమీదే ఉంది.

"పిన్నిగారంటే మీరేనా?"

ఆవిడ లేచి నిలబడింది. ఏదో తప్పు జరిగిందనుకుంది.

"కూర్చోండమ్మా. ఇవాళ ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. లారీ గుద్దింది, కడుపునిండా రక్తం. ముప్పై గుడ్డలు వాడాం, మూడు తెరలు పట్టాయి. ఎలాగో ఆపి, మూసేద్దామన్నాను. సిస్టరు 'సార్, ఒక జేబు ఖాళీ' అంది. లోపల చూశాను, ఏమీ లేదన్నాను. 'సార్, మీరు చూశారు. నేనూ చూస్తున్నాను. ఖాళీగానే ఉంది' అంది." ఆయన ఆగి టోపీ తీశాడు. "మళ్లీ చూశాను. కాలేయం వెనక ఉంది."

"అబ్బాయి..."

"బాగున్నాడు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. ఆవిడకి ఆ జేబు సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్పకుండా ఆ దండాలన్నీ తీసుకోవడం నాకు సిగ్గనిపించింది. అందుకే ఇలా వచ్చాను."

కిటికీలో ఎవరివో పాదాలు ఇటునుంచి అటు వెళ్లాయి.

"మీకీ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగాడు.

పదకొండేళ్లుగా బయటివాళ్లెవరికీ చెప్పని మాట ఆవిడ ఆయనకి చెప్పింది. కడుపు ఉబ్బు సంగతి, ఏడాదికొక బెల్టు సంగతి కూడా. ఆయన నేల చూస్తూ విన్నాడు. చివరికి, "ఆ ఉబ్బు హెర్నియా. బాగుచేయొచ్చు. అలా వదిలేస్తే ఏదో ఒకరోజు పేగు మెలిపడి ప్రాణం మీదికొస్తుంది. మీ అక్కగారిని ఒకసారి తీసుకురండి," అన్నాడు.

ఇంటికెళ్లి చెబితే అక్క భగ్గుమంది. "నా కడుపు కథ ఊరంతా చాటావా? మళ్లీ ఆ బల్ల ఎక్కుతానని ఎలా అనుకున్నావే? చస్తే ఇంట్లో చస్తాను గానీ మళ్లీ మత్తు పీల్చను."

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు చెల్లెలు పాత బెల్టులన్నీ పెట్టెలోంచి తీసి మంచం మీద వరసగా పరిచింది. పదకొండు. మొదటిది సన్నగా ఉంది. ఏడాదికి కాస్త చొప్పున వెడల్పు పెరుగుతూ వచ్చింది. చివరిది జానెడున్నర.

"నేను కుట్టేకొద్దీ అది పెరుగుతోంది అక్కా," అంది. "ఇంకెంత వెడల్పు కుట్టను?"

అక్క ఆ బెల్టుల్ని చాలాసేపు చూసింది. చెల్లెలి చెయ్యి తీసుకుని, సూదిపోట్లకి గరుకెక్కిన వేళ్ల చివరలు ఒక్కోటీ నిమిరింది. "మెలకువగా ఉంటే నేనే చూసుకునేదాన్ని. నిద్రలో నా తరఫున ఎవరు చూస్తారే?" అంది. ఆ గొంతులో టీచరు లేదు. భయపడ్డ చిన్నపిల్ల ఉంది.

"నేను చూస్తాను."

చుట్టాల్ని థియేటర్లోకి రానివ్వరు. ఆ మాటే సర్జన్ గారు కూడా అన్నాడు. అని, గడ్డం గోక్కుని, "చుట్టంగా రావద్దు. ఆ తెర చేసిన మేస్త్రీగా రండి. పని ఎలా చేస్తోందో చూసుకోవాలిగా," అన్నాడు.

అలా కుట్టుపిన్ని తన చేత్తో కుట్టిన గౌను మొదటిసారి తనే తొడుక్కుంది. చంకల దగ్గర బిగుతుగా ఉంది. ఇన్నేళ్లలో ఒక్క డాక్టరూ ఆ ముక్క చెప్పలేదేమిటా అనుకుంది. మత్తు ఇచ్చే ముందు అక్క తల తిప్పి గోడవైపు చూసింది. నీలం తెర మీద పది ఖాళీ జేబులు దీపాల వెలుగులో మెరుస్తున్నాయి. పక్కనే గౌనులో చెల్లెలు.

"నిటారుగా నిలబడవే," అంది అక్క. అలా అంటూనే కళ్లు మూసుకుంది.

రెండు గంటల పాటు కుట్టుపిన్ని బల్లవైపు చూడలేదు. చూస్తే పడిపోతానని తెలుసు. జేబుల్నే చూసింది. పటకారు వస్తుంది, ఒక గుడ్డ జేబులో దిగుతుంది, పక్కవాడికి జోడీ దొరుకుతుంది. మొదటి వరస, రెండో వరస. నాలుగో గుడ్డ పెడుతున్నప్పుడు తడిసిన ప్లాస్టిక్ అంటుకుపోయి జేబు మూతి తెరుచుకోలేదు. సిస్టరు రెండుసార్లు తడుముకోవాల్సి వచ్చింది. అంత భయంలోనూ ఆ సంగతి ఆవిడ కంటికి చిక్కింది. మూతి దగ్గర గట్టి అట్టముక్క లాంటిదేదో ఉండాలి, ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాలి అనుకుంది. అలా అనుకున్నాక ఊపిరి కాస్త తేలికైంది.

పదో గుడ్డ పదో జేబులో పడింది. సిస్టరు గట్టిగా, "పదికి పది సార్," అంది. సర్జన్ గారు వెంటనే కుట్లు మొదలుపెట్టలేదు. తెరవైపు తిరిగి, "పిన్నిగారూ, మీరు కూడా చెప్పండి," అన్నాడు.

చూపుడువేలుతో ఒక్కో వరసా చూపించుకుంటూ కిందిదాకా వచ్చింది. "ఉన్నాయండీ," అంది. "అందరూ ఉన్నారు."

అక్క ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. నాలుగో రోజు నడిపించారు, వరండా చివరిదాకా. పక్క మంచం ఆవిడ ఒంగి నడుస్తుంటే, వీపు నిలబెట్టమని అదిలించింది కూడా. రెండు నెలలకి బెల్టు అవసరం లేదన్నారు. చెల్లెలు ఆ పన్నెండో బెల్టు కోసం కత్తిరించి పెట్టుకున్న గుడ్డతో దిండు గలీబులు కుట్టింది.

ఆ తర్వాత ఇంకో రెండు ఆసుపత్రులనుంచి సిస్టర్లు వచ్చి ఆ తెరని చూసి వెళ్లారు, తమకూ కావాలన్నారు. ఇప్పుడు ముందుగదిలో బైండింగ్ పని ఒకవైపు, తెరల పని ఒకవైపు. కుట్టుపిన్ని కొలతలు కత్తిరిస్తుంది. భర్త కాచి అతికిస్తాడు. జేబు మూతుల దగ్గర పుస్తకాల అట్టలకి వాడే గట్టి ప్లాస్టిక్ పట్టీ వేస్తున్నాడిప్పుడు. తడిలోనూ నోరు తెరుచుకునే ఉంటుంది. అన్నీ అయ్యాక ఒక్కో జేబులోనూ నీళ్లు పోసి, వేలు పెట్టి తడిమి చూసే పని అక్కది. వెంట్రుకంత సందు కనిపించినా ఆ తెరని పక్కన పడేస్తుంది.

మొన్న అలా మూడు పడేసింది.

"వదినగారూ, అది కంటికి కనిపించని చిల్లు. ఎవరూ పట్టించుకోరు," అని మరిదిగారు గొణిగాడు.

"నేను పట్టించుకున్నానుగా," అంది అక్క, నీళ్ల చెంబు పక్కన పెట్టి. "ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. మళ్లీ చెయ్యండి."

ఆయన నిట్టూర్చి స్కేలు అందుకున్నాడు.